మూడు నెలల మంచం

"తలుపు తియ్యి అమ్మాయ్! లోపల ఏం చేస్తున్నావ్?"

మేస్త్రమ్మ బాత్రూము తలుపు మీద అరచేత్తో మూడోసారి కొట్టింది. లోపల పంపు ధారగా కారుతోంది. ఆ చప్పుడులోనే ఇంకో చప్పుడు కలిసి వినిపిస్తోంది. పేగులు నోట్లోకి వచ్చేటట్టు కక్కుతున్న చప్పుడు.

"వాంతులమ్మా," అన్నాడు కొడుకు వెనకనుంచి. "పొద్దుటినుంచి ఇది నాలుగోసారి."

"నాకేం చెవుడు లేదురా. వినబడుతోంది."

కోడలికి ఆపరేషనై ఇవాళ్టికి ఐదో రోజు. పిత్తాశయంలో రాళ్ళున్నాయని కడుపు మీద నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా దూర్చి, ఆ సంచీని రాళ్ళతో సహా లాగిపారేశారు. మర్నాడే ఇంటికి పంపేశారు. మూడో రోజు మధ్యాహ్నానికి ఆమె మిషను ముందు కూర్చుంది. రెండు వందల ఖాకీ చొక్కాలు సెక్యూరిటీ కంపెనీవాళ్ళకి శనివారం లోపల ఇవ్వాలి. కూర్చోమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పడుకోమని కూడా ఎవరూ చెప్పలేదు.

చెప్పవలసిన మనిషి చెప్పిన మాట వేరే ఉంది. కోడలు ఆస్పత్రినుంచి వచ్చిన రోజున మేస్త్రమ్మ ఆమె కడుపు మీద ప్లాస్టర్లు చూసి, "ఇంతేనా? నాలుగు కాజాలు! చొక్కాకైనా ఇంతకంటే ఎక్కువ ఉంటాయి. దీనికి మంచమెందుకే?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. కోడలు కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

కుట్టుపనివాళ్ళ ఇల్లది, ఆ పనికి మేస్త్రి అత్తగారే. టేపు పెట్టి కొలిస్తేగాని దేన్నీ నమ్మరు. ఇరవై రెండేళ్ళ కిందట ఇదే రోగానికి మేస్త్రమ్మకి కడుపు కోసి ఆపరేషను చేశారు. కుడివైపు పక్కటెముకల కింద ఏడంగుళాల గాటు, పద్దెనిమిది కుట్లు. మూడు నెలలు మంచం దిగలేదు. ఆ మూడు నెలల కథ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. గాటు చీము పట్టడం, దగ్గు వస్తే కుట్లు తెగిపోతాయని దిండు పొట్టకి అదుముకోవడం, పక్కమీదనుంచి లేపాలంటే ఇద్దరు మనుషులు పట్టడం. కాపురానికి వచ్చిన వారంలోనే కోడలు ఆ కథ మొత్తం వినేసింది. అంత గాటుకి అన్నాళ్ళ మంచం. నాలుగు కాజాలకి రెండు రోజులు ఎక్కువే. అదీ ఆ ఇంటి కొలత.

"దాని భుజం నొప్పి మామూలేనని ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితంలో ఉందమ్మా," అన్నాడు కొడుకు. ఆ మాట తనకి తాను చెప్పుకుంటున్నట్టుంది. "కడుపులోకి ఎక్కించిన గాలి వల్ల వస్తుందట. దానంతట అదే పోతుందట."

"ఏదీ ఆ కాగితం ఇలా ఇవ్వు," అంది కూతురు, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ఆపి లేస్తూ.

మేస్త్రమ్మకి వాడికంటే ముందు పుట్టిన పిల్ల ఆవిడ. రెండు వీధుల అవతల కాపురం ఉంటుంది. పగలంతా ఇక్కడే పని చేస్తుంది. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా చివరి అక్షరం దాకా చదివేది ఆవిడొక్కతే. ఈ కాగితాన్ని మాత్రం ఆవిడ దాకా రానివ్వకుండా తమ్ముడు జేబులో పెట్టేసుకున్నాడు.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. మొహం మాడిపోయింది.

"రెండు మూడు రోజుల్లో పోతుందని రాశారురా. ఇవాళ ఐదో రోజు. ఈ కిందది చదవలేదా? జ్వరం, వాంతులు, కడుపు ఉబ్బడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే తీసుకురండి అని ఇంత లావు అక్షరాలతో ఉంటే! నీకు కావలసిన లైను చదువుకుని మడిచి పెట్టేశావా?"

"నేనేం చెయ్యనక్కా? అమ్మ ఏమీ కాదంది."

"అమ్మ డాక్టరా?"

"ఏమే, నన్ను మధ్యలోకి లాగుతావేం?" అంది మేస్త్రమ్మ. "నాకు కోసినప్పుడు పద్దెనిమిది కుట్లతో..."

"నీ కుట్లు ఇప్పుడెందుకమ్మా!"

అంతలో గడియ కదిలింది. కోడలు తలుపు పట్టుకుని నిలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళలో పసుపు ఛాయ కనిపిస్తోంది. ఒక చెయ్యి కుడి భుజం మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద ఉన్నాయి.

"పదకొండు కాలర్లు మిగిలాయి అత్తయ్యా," అంది. "కాసేపు కూర్చుని కుట్టేస్తాను."

అని గోడకి జారి కింద కూలబడింది.

మేస్త్రమ్మ ముందుకి వంగి ఆమెను పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చీర కుచ్చిళ్ళ మీద చెయ్యి ఆనించి చూస్తే కడుపు రాయిలా బిగుసుకుని ఉంది. నలభై ఏళ్ళుగా వేలితో తడిమి గుడ్డ గుణం చెప్పగల చెయ్యి అది. ఆ చేతికి ఇప్పుడు భయమంటే ఏమిటో తెలిసింది.

"ఆటో పిలవరా!" అని అరిచింది. "నా మొహం చూస్తావేం? పిలువు!"

*

నాలుగో నంబరు మంచం చుట్టూ ఆకుపచ్చ తెర ఉంది. దాని కొక్కేలు సగం ఊడిపోయి, ఒక పక్క జారి వేలాడుతోంది. ఇంకెప్పుడైనా అయితే మేస్త్రమ్మ సూదీ దారం తీసి ఉండేది. ఇప్పుడు ఆ జారిన గుడ్డ ఆమె కంటికి ఆనలేదు.

సర్జనుగారు ఆడమనిషి. చిన్న వయసు. స్కాను ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూసి దించింది.

"పిత్తాశయం తీసేసిన చోటునుంచి పైత్యరసం కారుతోంది. కడుపంతా చేరింది."

"మిషను తొక్కినందుకా డాక్టరమ్మా?" అని అడిగింది మేస్త్రమ్మ.

"కాదమ్మా. మిషను తొక్కకపోయినా ఇది వచ్చేదే. ఎక్కడో ఒకరికి ఇలా అవుతుంది. రంధ్రాలతో చేసినా అవుతుంది, కోసి చేసినా అవుతుంది." ఆమె కోడలి వైపు తిరిగింది. "జ్వరం ఎప్పుడు మొదలైంది?"

కొడుకు తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"మొన్న సాయంత్రం," అంది కోడలు మంచం మీదనుంచి.

"మొన్న సాయంత్రమే వచ్చి ఉంటే ఒక గొట్టం పెట్టి సరిపెట్టేదాన్నేమో. ఎందుకు రాలేదు?"

"నాలుగు చిన్న రంధ్రాలే కదా అని..." అన్నాడు కొడుకు.

"రంధ్రాలు చర్మానికి చిన్నవండీ. లోపల తీసింది చిన్నది కాదు. కోసి చేసినా తీసేది ఆ సంచీనే, తెంపేది ఆ చోటే. చిన్న గాటైతే నొప్పి తక్కువ, త్వరగా తిరుగుతారు. అది నిజమే. కానీ అంతా సవ్యంగా ఉన్నప్పటి మాట అది. గాటు పొడుగు చూసి రోగం పొడుగు చెప్పేస్తే ఎలా?"

మేస్త్రమ్మ తల దించుకుంది. నలుగురికీ కొలతలు నేర్పిన మనిషికి ఒక చిన్నపిల్ల కొలత నేర్పుతోంది. ఆ కొలత నిజమని తెలుస్తూనే ఉంది.

సర్జను ఒక కాగితం అట్టకి తగిలించి కూతురి చేతికిచ్చింది. "ముందు పాత రంధ్రాల్లోంచే చూస్తాను. శుభ్రం చెయ్యడానికి కుదిరితే అలాగే చేస్తాను. కుదరకపోతే కడుపు తెరవాలి. మత్తిచ్చాక లేపి అడగలేం కదా. రెంటికీ కలిపి ఇప్పుడే సంతకం కావాలి."

కోడలు కళ్ళు తెరిచింది.

"రంధ్రాలకైతే పెడతాను. కొయ్యడానికి పెట్టను."

"అలా సగం సంతకం ఉండదమ్మా."

"అయితే వద్దు. ఇంటికి తీసుకుపోండి."

"ఇంటికి వెళితే బతకవు," అంది సర్జను. మెత్తగానే చెప్పినా దాచకుండా చెప్పింది. చేతిగడియారం చూసుకుంది. "అరగంట టైమిస్తాను. అంతకుమించి ఆగడానికి లేదు. మాట్లాడుకోండి."

ఆమె వెళ్ళిపోయింది. తెర ఇంకాస్త జారింది.

"పెట్టవే," అన్నాడు కొడుకు, మంచం పట్టె పట్టుకుని. "నీకు దణ్ణం పెడతాను. మొండితనానికి ఇదా సమయం?"

"మొండితనమా?" కోడలికి మాట మాటకీ ఊపిరి అందడం లేదు. "మీ అమ్మగారిని అడగండి, కోస్తే ఎలా ఉంటుందో. చీము, దిండు, లేపడానికి ఇద్దరు మనుషులు. మూడు నెలలు! నన్ను మూడు నెలలు మంచం మీద పెట్టి ఎవరు చూస్తారండీ? రెండు రోజులు పడుకుంటేనే నాలుగు కాజాలన్నారు. మీరూ నవ్వారు. నేనూ నవ్వాను."

కొడుకు మంచం పట్టె వదిలేశాడు. అటు తల్లి, ఇటు పెళ్ళాం. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు పాపం.

"మూడు నెలల్లో నేను ఎవరికీ అక్కర్లేకుండా పోతాను," అంది కోడలు. "అంతకంటే ఇదే నయం."

ఆ గదిలో ఒక్క మాట చెబితే ఆ సంతకం పడుతుంది. ఆ మాట మేస్త్రమ్మకి ఒక్కదానికే తెలుసు. తేలు కుట్టిన దొంగలా ఆమె మంచం కాళ్ళ దగ్గర నిలబడిపోయింది.

ఎందుకంటే ఆ మూడు నెలలు నిజం కావు.

మొదటి పది రోజులు నిజం. నరకం చూసింది. మూడో వారానికి గాటు మానింది. నాలుగో వారంలో ఒక తెల్లవారుజామున, ఇంట్లో ఎవరూ లేవకముందే, తనంతట తనే లేచి పెరట్లోకి నడిచింది. గోడ పట్టుకోలేదు. ఏ నొప్పీ రాలేదు. గాలి చల్లగా తగిలింది. అక్కడ ఒక నిమిషం నిలబడి, తిరిగి వచ్చి, దుప్పటి కప్పుకుని పడుకుంది.

అప్పటికి ఆమెకి నలభై ఏళ్ళు. ఆ నలభై ఏళ్ళలో ఒక్కరంటే ఒక్కరు గ్లాసెడు మంచినీళ్ళు చేతికి అందించింది లేదు. మంచాన పడ్డాక మొగుడు పేపరు తెచ్చి తలగడ దగ్గర కూర్చుని చదివి వినిపించేవాడు. ఇంకో వారం ఇలాగే ఉందాం అనుకుంది. ఆ వారానికి ఇంకో వారం తోడైంది. అలా రెండు నెలలు గడిచాయి.

ఆ రెండు నెలలూ ఇల్లు మోసింది కూతురు. పదో తరగతి చదువుతోందప్పుడు. మూడో నెలలో పరీక్షలు వచ్చాయి. అమ్మ మంచం మీద ఉంటే పరీక్షలేమిటన్నారు. వచ్చే ఏడు రాద్దువుగానిలే అన్నారు. ఆ వచ్చే ఏడు ఇంతవరకూ రాలేదు.

ఆ కూతురే ఇప్పుడు ఇనప స్టూలు మీద, చేతిలో అట్ట పట్టుకుని కూర్చుని ఉంది.

"నువ్వు వెళ్ళి కాసిని మంచినీళ్ళు పట్టుకురావే," అంది మేస్త్రమ్మ.

"ఇక్కడే ఉన్నాయిగా సీసాలో."

"పోనీ డాక్టరమ్మని ఇంకో పది నిమిషాలు ఆగమని అడుగు."

"ఆగలేనని ఆవిడ చెప్పింది కదమ్మా. ఏమిటి నీ గోల?"

మేస్త్రమ్మ కోడలి దగ్గరికి జరిగింది. "అంత భయపడాల్సిందేం లేదమ్మా. ఇప్పుడు మందులు మంచివొచ్చాయి. నాకైనప్పటి రోజులు కావివి."

"మీరే కదా చెప్పారు అత్తయ్యా. ఒకసారి కాదు, వందసార్లు చెప్పారు."

"చెప్పాననుకో. మాట వరసకి కాస్త ఎక్కువ చెప్పి ఉంటాను."

"ఇప్పుడు నాకోసం తక్కువ చెబుతున్నారు." కోడలు కళ్ళు మూసుకుంది. "వద్దు అత్తయ్యా. తీసుకుపోండి."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇరవై రెండేళ్ళు మేస్త్రమ్మ ఆ సామెతని నమ్ముకునే బతికింది. గోడ మీద గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. ఆమె కూతురి వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని ఆమెకి తెలుసు.

"చీము పట్టింది నాకు కాదు," అంది. "పక్క మంచం ఆవిడకి."

కోడలు కళ్ళు తెరిచింది.

"దిండు నిజం. లేపడానికి ఇద్దరు కావలసి రావడం నిజం. అదంతా పది రోజులే. ఆ తర్వాత రోజురోజుకీ తగ్గిపోయింది. నెల తిరక్కుండానే నేను లేచి నడిచాను. ఎవరూ చూడలేదు. మళ్ళీ వచ్చి పడుకున్నాను. మిగిలిన రెండు నెలలూ ఒట్టి నాటకం."

"ఎందుకమ్మా?" అన్నాడు కొడుకు. ఏమీ అర్థం కానట్టు చూస్తున్నాడు.

"లేస్తే మళ్ళీ పడుకోనిస్తారా?"

పక్క మంచం దగ్గర ఎవరో చెంచాతో గ్లాసు కలుపుతున్నారు.

కోడలు తల అడ్డంగా ఊపింది. "నా చేత సంతకం పెట్టించడానికి ఇలా చెబుతున్నారు."

"అబద్ధమైతే మీ వదిన ఎదుట చెబుతానా?" అంది మేస్త్రమ్మ.

కోడలు తల తిప్పి ఆడపడుచును చూసింది. కూతురు కదలలేదు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు ఏదో లెక్క పెడుతున్నట్టు కదిలాయి, ఆగిపోయాయి. కోడలికి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"కలం ఇవ్వండి," అంది.

కూతురు లేచి అట్టను మంచం మీద ఆనించి పట్టుకుంది. "ఇక్కడ పెట్టు," అంది. "ఇంకోటి ఈ కింద."

కోడలు రెండు చోట్లా సంతకం పెట్టింది.

"అత్తయ్యా," అంది, మంచాన్ని తోసుకుపోతుంటే. "నాకు కూడా పేపరు చదివి వినిపిస్తారా?"

మేస్త్రమ్మ ఉలిక్కిపడింది. పేపరు సంగతి తను చెప్పలేదు. మొగుడు బతికి ఉండగా కోడలితో ఎప్పుడు చెప్పాడో ఏమో. ఆయన ఇంకేం చెప్పాడో, అసలు ఆయనకి ఎంత తెలుసో అడిగేలోపు మంచం మలుపు తిరిగిపోయింది.

*

ఆపరేషను థియేటరు బయట గోడవారగా ఇనప కుర్చీలు వరసగా ఉన్నాయి. కొడుకు మందుల చీటీ పట్టుకుని కిందికి పరిగెత్తాడు. తల్లీ కూతుళ్ళు మిగిలారు. కూతురు రెండు కుర్చీలు వదిలేసి మూడోదాంట్లో కూర్చుంది.

ఎదురుగా మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి నేలమీద పడుతోంది. ఒకామె తడిగుడ్డతో ఆ నేల తుడుచుకుంటూ వచ్చి, వాళ్ళ కాళ్ళ దగ్గర ఆగింది. ఇద్దరూ కాళ్ళు ఎత్తారు. ఆమె తుడిచి వెళ్ళిపోయింది. ఇద్దరూ కాళ్ళు దించారు.

"తిట్టవే," అంది మేస్త్రమ్మ.

కూతురు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది.

"నోరారా తిట్టు. నాలుగు దెబ్బలు కొట్టినా కొట్టు. అలా కూర్చోకు."

"ఇప్పుడు కాదు," అంది కూతురు, తలుపు వంకే చూస్తూ. "తను బయటికి రానీ. రెండు ఏడుపులు ఒక్కసారే ఏడవడం నావల్ల కాదు."

మేస్త్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముప్పావుగంట తరవాత తలుపు కొంచెం తెరుచుకుంది. నర్సు ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది.

"నాలుగో నంబరు మంచం తాలూకు మీరేనా? రంధ్రాల్లోంచి కుదరలేదు. తెరుస్తున్నారు. డాక్టరుగారు మీకు చెప్పమన్నారు."

"ప్రాణానికి..." అంది మేస్త్రమ్మ.

"ఇప్పుడేం చెప్పలేమమ్మా. చేస్తున్నారు."

తలుపు మూసుకుంది. మేస్త్రమ్మ లేచినదల్లా మళ్ళీ కూర్చుంది. చాలాసేపటికి కూతురు లేచి ఒక కుర్చీ దగ్గరికి జరిగింది. ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంచింది.

"బతికి ఇంటికొస్తే," అంది, "తనని ఎన్నాళ్ళు పడుకోబెట్టాలి?"

"మూడు నెలలు."

"నిజంగా అడుగుతున్నాను."

మేస్త్రమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నెలకి లేచి తిరుగుతుంది. ఇంకో రెండు వారాలు బరువులు ఎత్తకూడదు. అయినా మూడు నెలలు పడుకోనిద్దాం."

"ఎవరు చేస్తారు ఆ పనంతా?"

"నేను చేస్తాను."

"నీకు అరవై రెండేళ్ళు. ఇస్త్రీపెట్టె ఎత్తితే ఆయాసం. రెండో రోజుకే ఆ పని నా నెత్తిన పడుతుంది." కూతురు గొంతు పెంచలేదు. "అప్పుడూ అలాగే పడింది. ఒక పొద్దున నిద్ర లేచేసరికి చీపురు నా చేతికిచ్చారు. చేస్తావా అని ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. అడిగితే చేసి ఉండేదాన్నేమో అమ్మా. నీకు లేవాలని లేదని చెప్పి అడిగినా చేసి ఉండేదాన్నేమో."

మేస్త్రమ్మ కళ్ళనుంచి నీళ్ళు ధారకట్టాయి. తుడుచుకోలేదు.

"ఈసారి అడుగు," అంది కూతురు. "అడిగాక ఒప్పుకుంటానో లేదో నాకూ తెలీదు. అయినా అడుగు."

మేస్త్రమ్మకి పురమాయించడం తెలుసు. దెప్పడం తెలుసు. మంచం మీద పడుకుని చిన్నగా మూలిగి ఇల్లంతా తన చుట్టూ తిప్పుకోవడం తెలుసు. అడగడం మాత్రం ఆమెకి ఎవరూ నేర్పలేదు, ఆమె నేర్చుకోనూ లేదు.

"చేస్తావా అమ్మా?" అంది చివరికి. సగం మాట గొంతులోనే ఉండిపోయింది.

"వినబడలేదు," అంది కూతురు.

మేస్త్రమ్మ మళ్ళీ అడిగింది.